43 అంటే ఎంత? - తన అమరికల పట్టికను తానే రాసుకొనే ప్రోగ్రాము

వానాకాలం వచ్చిందంటే ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలలో చిన్నపిల్లలకు కూడా మూడు అంకెలు నోటికి వచ్చేస్తాయి: 43, 48, 53. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. మూడవది వచ్చిందంటే లోతట్టు ఊళ్ళవాళ్ళు మూటాముల్లె సర్దుకోవలసిందే. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులదాకా లేచింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది.

ఇప్పుడు కేంద్ర జల సంఘం వారి వరద నివేదిక ఒకటి తీసి చూడండి. అదే భద్రాచలం, అదే గోదావరి. కాని అక్కడ హెచ్చరిక మట్టం 45.72 అని, ప్రమాద మట్టం 48.77 అని ఉంటుంది. మనకు తెలిసిన 43 ఎక్కడ, ఈ 45.72 ఎక్కడ? ఎవరు పొరబడ్డారు?

ఎవరూ పొరబడలేదు. మన అంకెలు అడుగులలో ఉన్నాయి. నది ఒడ్డున నిలిపిన కొలబద్దమీద సున్న గీతనుంచి లెక్కించినవి. జల సంఘం వారి అంకెలు మీటర్లలో ఉన్నాయి, సముద్రమట్టంనుంచి లెక్కించినవి. ఒక అడుగు అంటే 0.3048 మీటరు. కాబట్టి 45.72ను 0.3048తో భాగిస్తే సరిగ్గా 150 అడుగులు వస్తుంది. 48.77ను భాగిస్తే 160 వస్తుంది. 150లోంచి 43 తీసెయ్యండి: 107. 160లోంచి 53 తీసెయ్యండి: మళ్ళీ 107. రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది చూశారా! అంటే భద్రాచలం కొలబద్దమీది సున్న గీత సముద్రమట్టానికి 107 అడుగుల ఎత్తున ఉందన్నమాట. రెండు లెక్కలూ ఒకే నీటిని గురించి చెబుతున్నాయి.

అంకె ఒక్కటే ఉంటే అది ఏమీ చెప్పదు. దేనితో కొలిచాం, ఎక్కడినుంచి కొలిచాం అన్నది పక్కన ఉండాలి. ఈ సంగతి మీ లెక్కల మాస్టారు ఎప్పుడో చెప్పే ఉంటారు. అయితే కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి ఇదే పెద్ద సమస్య. దాన్ని వారు ఎలా పరిష్కరించుకున్నారో ఈ వ్యాసంలో చూద్దాం.

కొలతల పుస్తకం

ఒక చిన్న పెట్టెను ఊహించుకోండి. అందులో నీటిమట్టాన్ని కొలిచే సాధనం, ఒక సైరను, గోరంత చిప్పు ఉన్నాయి. నీరు హద్దు దాటగానే పెట్టె కూత పెడుతుంది. అంతేకాదు, హెచ్చరికను మాటలలో కూడా చెబుతుంది. ఇది మనం ఉదాహరణకోసం కల్పించుకున్న పెట్టె. ఎక్కడో ఉన్నదని వెతకకండి.

ఈ పెట్టెలోని చిప్పుకు పని నేర్పేది ప్రోగ్రాము. దానిని మనిషి తనకు అర్థమయ్యే భాషలో రాస్తాడు. కాని చిప్పుకు తెలిసింది యంత్రభాష ఒక్కటే. అందువల్ల మనిషి రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చాలి. ముక్కలు ముక్కలుగా రాసినవాటిని జోడించాలి. చివరికి చిప్పులోకి ఎక్కించాలి. ఈ తతంగం మొత్తాన్ని ‘బిల్డ్’ అంటారు. ప్రోగ్రామును కట్టడం అనుకోండి.

భద్రాచలానికి ఒక పెట్టె కావాలి. ఎగువన దుమ్ముగూడెంలో ఒకటి, దిగువన శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరంలో ఒకటి కావాలి. ప్రతి ఊరికీ ప్రోగ్రామును మళ్ళీ మొదటినుంచి రాస్తామా? రాయము. టైలరు దగ్గరకు వెళ్ళి చూడండి. బడి యూనిఫారం చొక్కా కుట్టే పద్ధతి అందరికీ ఒకటే. మారేవి కొలతలు. వాటిని ఆయన ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటాడు. అలాగే ప్రోగ్రాము ఒకటే ఉంటుంది, ఊరికో రకంగా మారే విలువలను విడిగా ఒక ఫైలులో పెడతారు. కట్టేటప్పుడు కంప్యూటరు ఆ ఫైలు చూసి ఆ విలువలను లోపల వేసి కుట్టేస్తుంది. ఈ విలువల పేర్లనే బిల్డ్ అమరికల చలరాశులు అంటారు. బీజగణితంలో ‘క్ష’ ఎలాంటిదో ఇవీ అలాంటివే. పేరు మారదు, విలువ మారుతుంది.

మన పెట్టె ఫైలు ఇలా ఉందనుకోండి:

హెచ్చరిక_1 = 43
హెచ్చరిక_2 = 48
హెచ్చరిక_3 = 53
స్వరం = ఉంది
భాష = కోయ
విరామం = 15

చూడటానికి ఎంత ముచ్చటగా ఉంది! కాని ‘విరామం 15’ అంటే ఏమిటి? పదిహేను సెకన్లకు ఒకసారి నీటిని కొలవమనా, పదిహేను నిమిషాలకు ఒకసారి కూత పెట్టమనా? రాసినవాడికి తెలుసు. రాసి ఆరు నెలలైతే వాడికీ తెలియదు. టైలరు పుస్తకంలో ఉత్త 32, 14, 9 అని ఉంటే, పక్క దుకాణం టైలరు దాన్ని చూసి చొక్కా కుట్టగలడా?

ఇదేదో చిన్న ఇబ్బంది అనుకోకండి. మన ప్రోగ్రాము రాసిన ఇంజనీరు సముద్రమట్టంనుంచి మీటర్లలో లెక్క వేసేటట్టు రాశాడనుకుందాం. తరువాత వచ్చినవారెవరో ఆ సంగతి తెలియక, ఊరంతటికీ తెలిసిన 43, 48, 53 అందులో వేసి పెట్టె కట్టారు. ఏమవుతుంది? లెక్క వేద్దాం. సముద్రమట్టంనుంచి 43 మీటర్లంటే 141 అడుగులు. అందులోంచి 107 తీసేస్తే 34. అంటే నది ఇంకా 34 అడుగులవద్ద ఉండగానే మొదటి కూత వస్తుంది. జనం ఉలిక్కిపడి బయటికి వస్తారు. ప్రమాదమేమీ కనిపించదు. ‘ఈ పెట్టె ఊరికే అరుస్తుంది’ అని విసుక్కుని వెళ్ళి పడుకుంటారు. రెండవది 48 మీటర్లు. కొలబద్దమీద ఇది 50.5 అడుగులు. రావలసినదానికంటే రెండున్నర అడుగులు ఆలస్యం. ఇక మూడవది 53 మీటర్లు. అది దాదాపు 67 అడుగులు! 53వద్ద కూయవలసిన పెట్టె నీరు మరో పద్నాలుగు అడుగులు లేచేదాకా నోరు మెదపదు. అప్పటికి ఖాళీ చేయడానికి ఊళ్ళే మిగలవు.

విచిత్రమేమంటే ఈ ప్రోగ్రాములో తప్పు ఒక్కటీ లేదు. అంకెలలోనూ తప్పు లేదు. రెండింటి మధ్యా ఉండవలసిన ఒక్క వాక్యం లేదు, అంతే.

ఇలాంటిది నిజంగా జరిగింది కూడా. 1999 సెప్టెంబరులో అమెరికావారి ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే నౌక అంగారకుణ్ణి చేరగానే నాశనమైపోయింది. భూమిమీద దాని గమనాన్ని లెక్కించే ఒక ప్రోగ్రాము బ్రిటిషు కొలమానంలో, అంటే పౌండ్లలో, అంకెలు ఇచ్చింది. వాటిని అందుకున్న ప్రోగ్రాము మెట్రిక్ కొలమానంలోని న్యూటన్‌లనుకుంది. ఒకదానికి మరొకటి నాలుగున్నర రెట్లు తేడా.

పక్క కాగితం పాతబడుతుంది

‘అయితే ఒక కాగితంమీద అన్నీ వివరంగా రాసి పెట్టుకుంటే పోలేదా?’ అని మీరు అడుగుతారు. మొదట అందరూ అదే చేశారు. చిక్కేమిటంటే, ఫైలులో విలువ మారినప్పుడు కాగితం దానంతట అది మారదు.

మన ప్రాంతం బోర్డులే చూడండి. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు తెలంగాణనుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక కూడా అటే వెళ్ళింది. 2016 అక్టోబరులో ఖమ్మం జిల్లాను విడదీసి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాను ఏర్పాటు చేశారు. ప్రభుత్వ ఉత్తర్వు ఒక్క రోజులో అమలులోకి వస్తుంది. కాని గోడలమీద రాసిన ‘ఖమ్మం జిల్లా’ అనే అక్షరాలను ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని వెళ్ళి తుడిస్తేనే పోతాయి. అసలు విషయం ఒకచోట, దాన్ని వివరించే రాత మరోచోట ఉన్నంతకాలం ఆ రెండూ ఎడమొహం పెడమొహం అవుతూనే ఉంటాయి. ఇది బద్ధకం సంగతి కాదు. ఎంత శ్రద్ధగలవారైనా నూరు బోర్డులున్నప్పుడు ఒకటి మరచిపోతారు.

లైనక్స్ చరిత్రలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. లైనక్స్ అంటే 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండ్ విద్యార్థి మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్. ఈనాడు ఆండ్రాయిడ్ ఫోనులలో నడిచేదీ అదే. చేతి గడియారంనుంచి సూపర్ కంప్యూటరుదాకా ఒకే ప్రోగ్రామును రకరకాలుగా కడతారు కాబట్టి దానికి అమరికలు చాలా ఉండాలి. ఇప్పుడు వాటి సంఖ్య పదివేలు దాటింది. ఒక్కొక్కదాన్ని ‘కావాలి’, ‘వద్దు’, కొన్నింటిని ‘అవసరమైనప్పుడు తగిలించుకుంటాం’ అని ఎంచుకోవచ్చు.

మొదటి రోజులలో ఈ అమరికల పేర్లు ప్రోగ్రాములోని వేరువేరు విభాగాలలో చెల్లాచెదురుగా ఉండేవి. వాటి వివరణలు మాత్రం ‘కాన్ఫిగర్ డాట్ హెల్ప్’ అనే ఒకే ఒక పెద్ద ఫైలులో ఉండేవి. ఆక్సెల్ బోల్ట్ అనే ఆయన ఆ ఫైలు బాగోగులు చాలాకాలం చూశాడు. ఎక్కడో ఒక మూల ఎవరో ఒక కొత్త అమరికను చేరిస్తే, దాని వివరణ ఈ పెద్ద ఫైలుకు చేరాలి. చేరితే సరి, చేరకపోతే వాడుకునేవాడి గతి అంతే. చివరకు 2002లో ఆ మహాగ్రంథాన్ని ముక్కలు చేసి ఎక్కడివక్కడికి పంపారు. అదే ఏడాది చివర రోమన్ జిప్పెల్ రూపొందించిన ‘కేకాన్ఫిగ్’ అనే పద్ధతి లైనక్స్‌లో చేరింది. ఇందులో ఒక అమరిక పేరు, అది ఏ రకం, దాని మామూలు విలువ, అది దేనిమీద ఆధారపడి ఉంది, దాని వివరణ, ఇవన్నీ ఒకేచోట ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అమరికలు ఎంచుకునే తెరమీద ప్రశ్నార్థకం మీట నొక్కితే ఆ వివరణే ప్రత్యక్షమవుతుంది. దాన్ని ఎవరూ తిరిగి రాయలేదు. ప్రోగ్రాము తన పొట్టలోంచి తీసి చూపిస్తుంది.

ఈ వ్యాసంలోని కీలకం ఇదే. వివరణను విలువ పక్కనే, అదే ఫైలులో రాయాలి. పట్టిక తయారు చేసే పని యంత్రానికి వదిలిపెట్టాలి.

పట్టిక రాసే యంత్రం ఏం చేస్తుంది?

ఇందులో మాయ ఏమీ లేదు. కాగితం, పెన్సిలు ఉంటే మీరూ చేయగలరు. మన ఫైలును కొంచెం మార్చి ఇలా రాద్దాం:

## మొదటి ప్రమాద హెచ్చరిక. అడుగులలో. సున్న: ఒడ్డున ఉన్న కొలబద్ద.
హెచ్చరిక_1 = 43

## నీటిని ఎంత సేపటికి ఒకసారి కొలవాలి. నిమిషాలలో.
విరామం = 15

రెండు కంచెగుర్తులతో మొదలయ్యే వరుస మనుషులకోసం. ప్రోగ్రామును కట్టే యంత్రం దాన్ని చదవకుండా దాటేస్తుంది. పట్టిక రాసే యంత్రం మాత్రం దానికోసమే వెతుకుతుంది.

ఆ యంత్రం ఫైలును పైనుంచి ఒక్కొక్క వరుసే చదువుతుంది. కంచెగుర్తుల వరుస కనిపిస్తే దాన్ని చేతిలో పట్టుకుంటుంది. తరువాతి వరుస కూడా అలాంటిదే అయితే దాన్నీ కలుపుకుంటుంది. ‘సమానం’ గుర్తు ఉన్న వరుస రాగానే, గుర్తుకు ఎడమన ఉన్నది పేరు, కుడిన ఉన్నది విలువ అని విడదీసి, చేతిలో ఉన్న వివరణను దానికి జత చేసి పట్టికలో వేస్తుంది. వెంటనే చెయ్యి ఖాళీ చేసుకుంటుంది. ఖాళీ చేసుకోకపోతే ఏమవుతుందో ఆలోచించారా? హెచ్చరికకు రాసిన వివరణ విరామానికి కూడా అంటుకుంటుంది! మధ్యలో ఖాళీ వరుస వచ్చినా చేతిలోనిది వదిలెయ్యాలి. అది ఏ పేరుకూ చెందిన వివరణ కాదని దాని అర్థం.

ఇక ఒక మెలిక. విలువలోనే మరొక ‘సమానం’ గుర్తు ఉంటే? మొదటి గుర్తువద్దనే విడదీయాలి, మిగిలినదంతా విలువే. మరో మెలిక: ఒకే పేరు రెండుసార్లు వస్తే? మన ప్రోగ్రామును కట్టే సాధనం మామూలుగా చివర చెప్పినదే తీసుకుంటుంది కాబట్టి పట్టికా దానినే చూపాలి. లేకపోతే పట్టిక ఒకటి చెబుతుంది, పెట్టె మరొకటి చేస్తుంది.

అంతా అయ్యాక వచ్చే పట్టిక ఇలా ఉంటుంది:

పేరు: హెచ్చరిక_1. విలువ: 43. వివరణ: మొదటి ప్రమాద హెచ్చరిక. అడుగులలో. సున్న: ఒడ్డున ఉన్న కొలబద్ద.
పేరు: విరామం. విలువ: 15. వివరణ: నీటిని ఎంత సేపటికి ఒకసారి కొలవాలి. నిమిషాలలో.

రేపు ఎవరైనా 15ను 10 చేస్తే? మళ్ళీ కట్టినప్పుడు పట్టిక కూడా మళ్ళీ తయారవుతుంది. అందులో 10 అని ఉంటుంది. నిచ్చెన అవసరం లేదు.

యంత్రం మరికొంత సాయం కూడా చేయగలదు. 107 సంగతి ఫైలులో ఒక చలరాశిగా పెట్టామనుకోండి. అప్పుడు ప్రతి హెచ్చరిక పక్కనా (43 + 107) × 0.3048 అని లెక్క కట్టి 45.72 మీటర్లని తానే ముద్రిస్తుంది. రెండవ హెచ్చరికకు 47.24 మీటర్లు వస్తుంది. జల సంఘం నివేదిక చేతిలో ఉన్నవాడూ, ఊరి కొలబద్ద చూసేవాడూ ఒకే పట్టికలో తమ తమ అంకెలు చూసుకుంటారు.

నాకు అన్నిటికంటే నచ్చే భాగం మరొకటి ఉంది. పేరు, విలువ ఉండి పైన వివరణ లేని వరుస కనబడితే యంత్రం ఏం చేయాలి? మర్యాదగా ఖాళీ గడి వదిలి ముందుకు పోవచ్చు. కాని అలా వదిలితే ఆ గడి ఎన్నటికీ నిండదు. అందుకని చాలామంది కట్టడం అక్కడికక్కడ ఆపించేస్తారు: ‘ఈ పేరుకు వివరణ లేదు, రాసేదాకా పెట్టె కట్టను’ అని. హోంవర్క్ చేయనివాణ్ణి ఆటకు పంపని పి.ఇ.టి. మాస్టారులాగా!

దీనికి ముందు నడిచినవారు

ప్రోగ్రామును కట్టే పనిని యంత్రానికే అప్పగించాలన్న ఆలోచనకు ఒక సరదా కథ ఉంది. 1976లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో స్టీవ్ జాన్సన్ అనే శాస్త్రజ్ఞుడు తన స్నేహితుడు స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి మండిపడుతూ వచ్చాడు. ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఉదయమంతా పాడుచేసుకున్నాడట. తీరా చూస్తే తప్పు ఎప్పుడో దిద్దేశాడు. దిద్దిన ముక్కను మళ్ళీ యంత్రభాషలోకి మార్చడం మరచిపోయాడు. ఆ చిరాకులోంచి పుట్టినదే ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’ అనే సాధనం. ఏ ముక్క ఏ ముక్కమీద ఆధారపడి ఉన్నదో రాసిపెడితే, మారినవాటిని మాత్రమే అది మళ్ళీ కడుతుంది. దాని ఫైలులో చలరాశులు ఉంటాయి. మనం పైన చెప్పుకున్న రెండు కంచెగుర్తుల ఉపాయాన్ని ఈ ‘మేక్’ ఫైలులలో కూడా వాడుతుంటారు.

తరువాత 1984లో డొనాల్డ్ నూత్ అనే గణిత, కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఇంకా పెద్ద మాట అన్నాడు. ప్రోగ్రామును యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలాగా కాక, మనిషికి చెప్పే వ్యాసంలాగా రాయాలన్నాడు. ఆయన పద్ధతిలో వివరణ, ప్రోగ్రాము ఒకే ఫైలులో కలిసి ఉంటాయి. ఒక సాధనం దానిలోంచి అందంగా చదువుకోదగిన పుస్తకాన్ని తీస్తుంది. దాని పేరు ‘వీవ్’, అంటే నేత. మరొకటి యంత్రానికి కావలసిన ముద్దను తీస్తుంది. దాని పేరు ‘టాంగిల్’, అంటే చిక్కు! పుస్తకాల అచ్చుకు అక్షరాలు పేర్చే ‘టెక్’ అనే తన ప్రోగ్రామును ఆయన ఈ పద్ధతిలోనే రాసి 1986లో పుస్తకంగా అచ్చువేశాడు. ప్రపంచమంతా ఆయన దారిలో నడవలేదు. ప్రతి ప్రోగ్రాము రాసేవాడికీ వ్యాసం రాసే ఓపిక ఉండదు మరి.

1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ‘ఆటోకాన్ఫ్’ అనేది మన విషయానికి ఇంకా దగ్గర. ఒక ప్రోగ్రామును కట్టేముందు అది మీ కంప్యూటరులో ఏమున్నదీ, ఏమి లేనిదీ తడిమి చూసుకునే స్క్రిప్టును తయారు చేస్తుంది. ప్రోగ్రాము రాసినవాడు ఒక అమరికను ప్రకటించేటప్పుడే దాని పక్కన ఒక వాక్యం వివరణ ఇస్తాడు. వాడుకునేవాడు ఆ స్క్రిప్టును ‘హెల్ప్’ అని అడిగితే చాలు, అన్ని అమరికలూ వాటి వాక్యాలతో వరుసగా తెరమీదికి వస్తాయి.

యంత్రానికి తెలియనిది

ఇంతకూ ఈ పట్టికను పూర్తిగా నమ్మవచ్చునా? విలువల విషయంలో నమ్మవచ్చు. అవి నేరుగా ఫైలులోంచి వచ్చినవి. పేర్ల విషయంలోనూ నమ్మవచ్చు. కాని వివరణ మనిషి రాసినది. ఎవరో ఫైలులో 43 తీసి 45.72 వేసి, పై వరుసలో ‘అడుగులలో’ అన్న మాటను అలాగే వదిలేశారనుకోండి. యంత్రం ఎంతో నిజాయితీగా 45.72 అడుగులు అని ముద్రిస్తుంది. అబద్ధం అందంగా అచ్చవుతుంది. చేత్తో రాసిన కాగితాన్నైనా అనుమానిస్తాం గాని, యంత్రం ముద్రించిన పట్టికను ఎవరూ అనుమానించరు. అందువల్ల ఈ ప్రమాదం మామూలుది కాదు.

దీనికి కొన్ని విరుగుళ్ళు ఉన్నాయి. ఒకటి, ప్రమాణాన్ని పేరులోనే పెట్టడం. ‘హెచ్చరిక_1’ బదులు ‘హెచ్చరిక_1_అడుగులు’ అంటే, విలువ మార్చేవాడి కళ్ళకు ఆ మాట తగలక మానదు. పేరు కాస్త పొడవైతే నష్టమేమీ లేదు. రెండవది, హద్దులు చెప్పడం. ‘ఈ విలువ 35కు తక్కువ, 60కి ఎక్కువ ఉండరాదు’ అని రాస్తే, ఎవరైనా 430 వేసినప్పుడు కట్టడం ఆగుతుంది. కేకాన్ఫిగ్‌లో పూర్ణాంకాలకు ఇలా హద్దు చెప్పే వీలుంది. కాని 45.72 ఈ హద్దులలోనే ఉంది చూశారా! హద్దు మందమైన జల్లెడవంటిది. పెద్ద రాళ్ళను ఆపుతుంది, చిన్నవి జారిపోతాయి.

మూడవది, ఒకదానిమీద మరొకటి ఆధారపడే అమరికలను ముందే చెప్పడం. స్వరం లేని పెట్టెకు భాష ఎందుకు? ‘భాష అనేది స్వరం ఉంటేనే’ అని ఒక్క వరుస రాస్తే, స్వరం లేని పెట్టె పట్టికలో భాష ప్రసక్తే రాదు. భాష ఎంపికను చిన్నచూపు చూడకండి. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెలలో ఇళ్ళలో వినిపించేది కోయభాష. ఈ ప్రాంతంలో దాన్ని తెలుగు లిపిలోనే రాస్తారు కాబట్టి, ఫైలులో పొరపాటున ‘తెలుగు’ అని ఉన్నా వివరణ చదివేవాడికి తేడా వెంటనే కనబడదు. వినే ముసలమ్మకు మాత్రం తెలుస్తుంది.

లైనక్స్‌వారు మరో రెండు కాపలాలు పెట్టారు. ఎవరైనా కొత్త అమరికను పంపితే ‘చెక్‌ప్యాచ్’ అనే పరీక్షా సాధనం దాని వివరణను చూసి, నాలుగు వరుసలకన్నా తక్కువ ఉంటే ‘ఇంకొంచెం వివరంగా రాయండి’ అని హెచ్చరిస్తుంది. దానికి వరుసలు లెక్కపెట్టడం వచ్చు, అర్థం తెలియదు. నాలుగు వరుసలనిండా శుష్కవాక్యాలు రాసినా అది ఊరుకుంటుంది. అందుకే ఆ తరువాత మనుషులు కూర్చుని చదువుతారు. రెండవ కాపలా, ప్రోగ్రాములో వాడుతూ ఎక్కడా ప్రకటించని పేర్లను వెతికి పట్టుకునే మరో సాధనం. పేరు మార్చినప్పుడు ఒకచోట పాతపేరు మిగిలిపోతే అది దొరికిపోతుంది.

చివరగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఫైలులో ఉన్నది మామూలు విలువ. కట్టేవాడు కట్టే సమయంలో దాన్ని కాదని వేరొకటి ఇవ్వవచ్చు. కూనవరం పెట్టెకు 43 పనికిరాదు. అక్కడి కొలబద్ద వేరు, హద్దులు వేరు. కాబట్టి పట్టికలు రెండు ఉండాలి: ఏమి మార్చవచ్చునో చెప్పేది ఒకటి, ఈ పెట్టెలో నిజంగా ఏ విలువలు వేసి కుట్టారో చెప్పేది మరొకటి. లైనక్స్‌లో ఈ రెండవ పట్టికను కట్టేటప్పుడే కెర్నెల్‌లోపల దాచిపెట్టే వీలు కూడా ఉంది. ఎన్నేళ్ళ తరువాతైనా నడుస్తున్న యంత్రాన్నే ‘నిన్ను ఎలా కట్టారు?’ అని అడగవచ్చు. నది ఒడ్డున గుంజకు వేలాడుతున్న మన పెట్టెకు ఇది మరీ అవసరం. వరద రాత్రి దాన్ని కట్టినవాడి కాగితాలకోసం ఎవరు వెతుకుతారు?

మీరే చేసి చూడండి

1. మీ బడి గంటల వేళల పట్టికను అమరికల ఫైలులాగా రాయండి: మొదటి గంట, ఒక్కొక్క పీరియడు నిడివి, భోజన విరామం వగైరా. ప్రతిదాని పైనా రెండు కంచెగుర్తులతో వివరణ, ప్రమాణం రాయండి. రెండు మూడింటికి కావాలనే వివరణ రాయకుండా వదలండి. తరువాత మీ స్నేహితుణ్ణి ‘యంత్రం’గా కూర్చోబెట్టి పైన చెప్పిన నియమాల ప్రకారమే పట్టిక రాయమనండి. సొంత తెలివి వాడకూడదని ముందే ఒట్టు వేయించుకోండి. ఎక్కడ ఆగిపోతాడో చూడండి.

2. కేంద్ర జల సంఘం లెక్కలో 1986 నాటి భద్రాచలం గరిష్ఠ మట్టం 55.66 మీటర్లు. దీన్ని అడుగులలోకి మార్చి 107 తీసివేయండి. వచ్చిన అంకె ఈ వ్యాసం మొదటి పేరాలో ఉన్నదా?

3. ఎవరో మూడవ హెచ్చరికకు 48.77 అని వేసి, దాన్ని అడుగులుగా చదివే ప్రోగ్రాముతో పెట్టె కట్టారు. ఆ పెట్టె మూడవ కూత ఎంత ముందుగా వస్తుంది? దానికీ రెండవ కూతకూ మధ్య ఎన్ని అంగుళాలు మిగులుతాయి? (జవాబు: 4.23 అడుగులు ముందు. సుమారు 9 అంగుళాలు.)